కాళ్ళ చట్టం వర్ధిల్లాలి

ఉపన్యాసకుడు లేని సభను మించిన వరం మానవజాతికి ఇంకొకటి దక్కలేదని నేను బల్ల గుద్ది చెప్పగలను. నమ్మరా? అయితే మీరింకా పాతకాలం సభల్లోనే కునుకు తీస్తున్నారన్నమాట.

పాత సభ సంగతి తెలియందేముంది? వేదిక మీద ఒకాయన ఊకదంపుడు మొదలుపెడతాడు. కింద కూర్చున్న టీచర్లు క్లాసులో పిల్లలు చేసే పనులన్నీ చేస్తారు. ఆవులిస్తారు, పక్కవాళ్ళ చెవిలో గుసగుసలాడతారు, నోట్సు చివరి పేజీలో పువ్వులు గీస్తారు. నేరమంతా వేదిక మీది ఆయనదే. కొత్త పద్ధతిలో అసలు వేదికే లేదు! తిట్టుకోవడానికి ఒక్క మనిషి కూడా దొరకడు. ఇంతకన్నా శాంతి ఎక్కడుంటుంది చెప్పండి?

మా అక్క లెక్కల టీచరు. మొన్నొక సెలవు రోజున ఆమెను అలాంటి సభ దగ్గర స్కూటరు మీద దింపడానికి వెళ్ళాను. "ఉపాధ్యాయులు, తదితర సమాజం" అని గుమ్మం మీద బ్యానరు కనిపించింది. వెంటనే తదితర సమాజం హోదాలో లోపలికి నడిచాను.

ఆ సభ రాజ్యాంగం చాలా చిన్నది. ఎవరి సమస్య వాళ్ళు రంగు చీటీ మీద రాసి, హాల్లో ఉన్న ఖాళీ బోర్డుకు అంటించాలి. ఒక్కో సమస్యకు ఒక్కో గది ఇస్తారు. ఇక రెండోది కాళ్ళ చట్టం. కూర్చున్న గదిలో నీకు పనికొచ్చేది లేదనిపిస్తే మాట మధ్యలోనైనా లేచి ఇంకో గదికి వెళ్ళిపోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోకూడదు. ఈ సంగతులన్నీ చేతిగంట పట్టుకుని తిరుగుతున్న నిర్వాహకుడు చెప్పాడు. ఆయన్ని అందరూ గంట సారు అంటున్నారు. పెళ్ళిళ్ళకూ ఆఫీసు మీటింగులకూ ఈ చట్టం ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు!

అక్క చీటీ రాయడానికి చాలాసేపు తీసుకుంది. ఆమె ఏడో తరగతిలో ఒక పిల్ల ఉంది. లెక్క ఎవరైనా చదివి వినిపిస్తే చాలు, కాగితం ముట్టకుండా జవాబు చెప్పేస్తుంది. తనే పైకి చదవాల్సి వస్తే మాత్రం గొంతు పెగలదు. బెంచీల వరసలో వంతు తన దాకా రాగానే "టీచర్, నీళ్ళు తాగొస్తాను" అని లేచిపోతుంది. ఈ నెలాఖరుకల్లా చదవడం పట్టుబడకపోతే ఒక తరగతి కిందికి దించేస్తానని హెడ్‌మిస్ట్రెస్ తేల్చి చెప్పేసింది. ఆ కింది తరగతిలో ఉన్నది ఆ పిల్ల సొంత తమ్ముడు. తమ్ముడి పక్క బెంచీలో కూర్చోవడం కంటే ఆ పిల్ల చదువే మానేస్తుందని అక్క భయం.

అందుకే అక్క చీటీ మీద పొందిగ్గా రాసింది. "ఏడో తరగతి పిల్లకు, నలుగురిలో తల వంచుకునే పని లేకుండా, చదవడం నేర్పేదెలా?"

చీటీలు ఎక్కువయ్యాయి, గదులు తక్కువయ్యాయి. గంట సారు ఒకే రకం చీటీలన్నీ ఒకచోట చేర్చి, పైన పెద్దక్షరాలతో ఒక శీర్షిక పెట్టడం మొదలుపెట్టాడు. అక్క చీటీ మరికొన్నింటి కింద అణిగిపోయింది. దాని మీద "పఠన రంగంలో నవ్య పోకడలు" అని వెలిసింది. ఒక్క పిల్ల గోడు అంత పెద్ద రంగమైపోతే అక్క సంతోషించాలి కదా? ఆమె మొహం మాత్రం చిన్నబోయింది.

తక్కిన గదుల వైభవం ఏమని చెప్పను! "పిల్లల్లో ఏకాగ్రత పెంచడం" అన్న గదిలోంచి సగంమంది మధ్యలోనే లేచిపోయారు. "వినడం ఒక కళ" గదిలో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. "హోంవర్కు తగ్గిద్దాం" గదిలో ఎవరి వంతు పని వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళాలని తీర్మానించారు. జనం కాలుగాలిన పిల్లుల్లా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరుగుతూనే ఉన్నారు. చదువుకూ ఆరోగ్యానికీ ఒకే టిక్కెట్టు!

అక్క గదికీ జనం బాగానే వచ్చారు, నవ్య పోకడల కోసం. ఆమె ఆ పిల్ల సంగతి మొదలుపెట్టింది. ఒకావిడ, ఇందులో పోకడ ఏదీ కనిపించడం లేదంటూ లేచింది. ఇంకొకాయన తనకు తెలిసిన యాప్ పేరు బోర్డు మీద రాసి, చేతులు దులిపేసుకుని వెళ్ళిపోయాడు. ఇద్దరు స్నేహితురాళ్ళు చిరునవ్వుతో తలలూపుతూ, ఊపుతూనే గుమ్మం దాటారు. ఎవరూ ఏమీ అనుకోకూడదు కనుక అక్క ఏమీ అనుకోలేదు. చేతిలో సుద్దముక్క మాత్రం పొడి పొడి చేసేసింది.

చివరికి మిగిలింది ఒక సోషల్ మాస్టారు. కిటికీ పక్కన నేనూ ఉన్నాను గానీ, తోడొచ్చిన తమ్ముడు ఎక్కడా లెక్కలోకి రాడు.

సోషల్ మాస్టారు ఎందుకు మిగిలాడు? అక్క గోడు విని కరిగిపోయాడా? అబ్బే! ఆ అంతస్తులో పనిచేసే ప్లగ్గు పాయింటు ఆ గదిలో ఒక్కటే ఉంది. ఆయన ఫోను చచ్చిపోయి ఉంది. భార్య ఫోన్ చేసే వేళకు అది లేచి కూర్చోకపోతే ఇంట్లో వేరే సభ జరుగుతుంది. ఫోను వదిలి వెళ్ళలేడు, ఛార్జింగ్ ఎక్కేదాకా దాన్ని వాడుకోలేడు. పాపం, వేరే దారిలేక విన్నాడు.

విని, ఒక ప్రశ్న వేశాడు. "మేడం, ఆ పిల్ల నీళ్ళకెళ్ళి మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

అక్క ఆలోచించింది. "పక్కమ్మాయి చదవడం అయిపోగానే. రోజూ అంతే."

"అయితే కిటికీ అవతల నిలబడి వింటోందండీ. లేకపోతే వంతు దాటిందని ఎలా తెలుస్తుంది? ఆ పిల్లకి భయం చదువంటే కాదు, మనమంటే."

అక్క కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. మరేం చెయ్యాలని అడిగింది. తనకూ తెలియదన్నాడాయన. "ఈసారి ఆ పిల్లతో పాటు మీరూ లేచి వెళ్ళి చూడండి."

తర్వాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో ఫోను బతికింది, మోగింది కూడా. ఆయన ఎత్తి, ఒక పిల్ల గురించి మాట్లాడుతున్నామని భార్యకు చెప్పి పెట్టేశాడు. అంత సాహసం నా పెళ్ళయ్యాక నేనెక్కడా చూడలేదు.

ముగింపు సభలో గంట సారు ఏ గదికి ఎంత ఆదరణ దక్కిందో చదివాడు. అన్నిటికన్నా అడుగున ఉన్నది అక్క గది. మర్యాదకు అందరూ చప్పట్లు కొట్టారు.

సెలవు అయిన మర్నాడు ఏడో తరగతిలో వంతు యథాప్రకారం ఆ పిల్ల దాకా వచ్చింది. పిల్ల లేచింది. కాళ్ళ చట్టాన్ని గంట సారు కంటే ముందే కనిపెట్టింది తనే కదా! అక్క క్లాసుకొక లెక్క ఇచ్చి, పుస్తకం చంకన పెట్టుకుని, "పద, నాకూ దాహంగానే ఉంది" అంది. కొళాయి పక్కన గట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు. పిల్ల మాటల కింద వేలు పెట్టి చదివింది. ఒక మాట దగ్గర ఆగింది, ఇంకో మాట దగ్గర నీళ్ళు తాగింది. లెక్క చదవడం పూర్తయ్యేసరికి, అడక్కుండానే జవాబు చెప్పేసింది.

సాయంత్రం అక్క నాకు ఫోన్ చేసి "ఒరేయ్, చదివిందిరా" అంది. ఆ ఒక్క మాటా రెండుసార్లు చెప్పించుకున్నాను. వ్యంగ్యం రాసేవాడికి ఇది వృత్తిరీత్యా తగదని తెలుసు.

ఇంతలో సభవారి నుంచి అక్కకు సందేశం వచ్చింది. మొన్నటి సభలో అందరూ ముక్తకంఠంతో చెప్పిన లోటు ఒక్కటే కనుక, వచ్చేసారి ప్రతి గదిలోనూ, ప్రతి కుర్చీ పక్కనా ప్లగ్గు పాయింటు పెట్టిస్తున్నారట.

నేను అభివృద్ధికి అడ్డుపడే మనిషిని కాను. కాళ్ళ చట్టానికి ఇప్పటికీ జై కొడతాను. కానీ గంట సారూ, పుణ్యముంటుంది, ఒక్క గదిని మాత్రం ఉన్నదున్నట్టు వదిలెయ్యండి. అందరి ఫోన్లూ నిండుగా ఉంటే మా అక్క మాట వినేదెవరు?