ఏడుపుకు మంజూరు

నర్సులకు కూడా మనసుంటుందని 1949లో, దవాఖానలు నడిపే కరుణా మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. (ఇద్దరు సభ్యులు మాత్రం రుజువు అడిగారు.) దుఃఖాన్ని దిగమింగుకుంటే సేవ కుంటుపడుతుంది కనుక, మండలి దవాఖానల్లోని నర్సులు ఇకపై తప్పనిసరిగా ఏడవాలనీ, అయితే వార్డులో కాక దుఃఖ నివారణాధికారి సమక్షంలోనే ఏడవాలనీ హుకుం వచ్చింది.

సూర్యాపేట దవాఖానలో మొదటి వార్డు నర్సు సక్కుబాయికి ఆ అవసరం త్వరగానే పడింది. తండా నుంచి జ్వరంతో వచ్చిన తారా అనే చిన్నపిల్ల కొన్నాళ్లు ఆమె పోస్తేనే గంజి తాగి, చివరికి ఆమె చేతుల్లోనే పోయింది. తండ్రి గేమ్యా పిల్లను భుజాన వేసుకుని వెళ్తూ, "మా పిల్లను మంచిగ సూసుకున్నవమ్మా" అన్నాడు. సక్కుబాయి కొంగుతో ముఖం కప్పుకోబోయింది.

"ఈడ ఏడ్వకు! అధికారి కోదాడల ఉన్నడు" అంటూ కాంపౌండర్ వీరేశం ఆమెను భద్రంగా బస్సెక్కించాడు.

కోదాడలో అధికారి అప్పుడే భోంచేసి కూర్చున్నారు.

"పోయిన పిల్ల నీకేమవుతుందమ్మా?"

"ఏం కాదు సార్."

"మరి ఏడుపెందుకొస్తోంది?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. చుట్టరికం లేని దుఃఖం తన పరిధిలోకి రాదనీ, మిర్యాలగూడ ప్రధాన కార్యాలయంలో అడగమనీ సెలవిచ్చారు. (అందాకా ఆపుకోగలవా అని దయతో అడిగారు కూడా.)

మిర్యాలగూడ బస్సులో పక్కన కూర్చున్న, త్రిపురారం ఊరి సుక్కమ్మ అనే ముసలమ్మ ఆమె ముఖం చూసి, "ఏమైంది బిడ్డా, గట్లున్నవ్?" అంది.

అంతే. ఏ అధికారీ ఎదుట లేకుండానే సక్కుబాయి భోరుమంది. పిల్ల గంజి వద్దని మారాం చేసిన తీరు చెప్పి ఏడ్చింది, నోరు తెరిచి తాగిన తీరు చెప్పి మళ్లీ ఏడ్చింది. "ఏడ్వు తల్లీ, కడుపునిండ ఏడ్వు" అంటూ సుక్కమ్మ తనూ కళ్లొత్తుకుంది. టికెట్ అడగవచ్చిన కండక్టర్ వెనక్కి వెళ్లిపోయాడు.

దిగేసరికి గుండె మీది బండ ఎవరో దించినట్టయింది. ప్రధాన కార్యాలయంలో మండలి కార్యదర్శి రామనర్సయ్య గారికి జరిగిందంతా దాచకుండా చెప్పి, శిక్షకు సిద్ధపడి నిలబడింది. ఆయన కోప్పడలేదు.

"ఇప్పుడు మనసెట్లున్నది?"

"తేలికైంది సార్."

"శానా సంతోషం" అని ఆయన మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. "రేపటి సంది రెండో వార్డు గూడ నువ్వే సూసుకో."