ఎవరి పోలికా లేని తలకాయ

బడి గంట కొట్టేలోపు గొల్యాతుకు మీసం అతికించి ఎండలో పెట్టాలనుకున్నాడు పౌలు పంతులు. మరునాడే క్రీస్తు గుడిలో కోతల పండుగ, దావీదు గొల్యాతు తల నరికే నాటకం. పాత కుండ మీద చింతగింజల జిగురుతో కాగితాలంటించి, మేకవెంట్రుకలు గుచ్చి, నాలుగు రోజులుగా ఆ తలకాయతోనే కాపురం చేస్తున్నాడు.

రజాకార్ల గడబిడతో రెండేళ్లు నాటకం ఆగిపోయింది. అంతకుముందు దేవదూతల రెక్కలు, రాజుల కిరీటాలు అన్నీ పౌలే చేశాడు. ఊళ్లో కొయ్యపని మైసయ్యది గనుక, అవీ అతనే చేశాడనుకుని జనం మైసయ్యనే మెచ్చుకున్నారు. మైసయ్య కాదనలేదు కూడా. ఆ ముల్లు పౌలు లోపల ఇంకా మెదులుతూనే ఉంది. ఈసారి చేసిందెవరో అందరి ముందూ చెబుతానని కోదాడ నుంచి వచ్చిన పాస్టరయ్యగారు మాట ఇచ్చాడు.

అంబలి ముంత తెచ్చిన భార్య అచ్చమ్మ తలకాయను చూసి మురిసిపోయింది.

"మీ అన్నను అచ్చం దించినవ్ గదయ్యా! ఆ ముక్కు సూడు, మన ఇంటి సంగతులల్ల దూరే ముక్కే."

"మా అన్న ఎట్లయితడే? వీడు గొల్యాతు!"

"అయితే అయిండు తియ్. నరికేటప్పుడు నన్ను ముందట కూసోబెట్టు."

పౌలుకు ఒళ్లు మండింది. తమ అన్నదమ్ముల తగువు పరిశుద్ధ గ్రంథంలోకి ఎందుకు రావాలి? ముక్కు చెక్కేశాడు.

కాసేపటికి దావీదు వేషగాడు వచ్చాడు. నలభై ఏళ్ల ఆ దావీదు మైసయ్యే. తలకాయను చూసి గడపలోనే నిలబడిపోయాడు.

"పంతులూ, మన ఊరి పటేల్ తలకాయ జేసినవేందే? గిది నేను నరికితే నా తలకాయ ఉంటదా?"

"మీసమున్నోళ్లంత పటేళ్లేనా?"

"గా మీసం పటేల్‌దే. గడబిడల సూర్యాపేటకు పారిపోయినోడు మొన్ననే తిరిగొచ్చిండు, మల్ల కోపం తెప్పిస్తవా? మీసం తీస్తేనే నేను కత్తి పడతా."

తడి ఆరని మీసాన్ని పౌలు పీకి నేలకేసి కొట్టాడు. అంతలో పాస్టరయ్యగారు వచ్చి, తలకాయ చుట్టూ తిరిగి చూసి, గొంతు తగ్గించాడు.

"పౌలు గారూ, తప్పుగా అనుకోకండి. ఇది మిర్యాలగూడలో ఉండే మన సంఘాల పెద్దయ్యగారు కదండీ?"

"పెద్దయ్యగారా!"

"ఆ పెదవి విరుపు ఆయనదేనండీ. పోయిన నెల నా లెక్కలు చూసి ఇలాగే విరిచారు."

నాలుగు రోజుల కష్టంలోకి ముగ్గురు మనుషులు ముగ్గురు శత్రువుల్ని తెచ్చి దించిపోయారు. గొల్యాతును చూసినవాడు ఒక్కడూ లేడు! పౌలు చాకు తీసుకుని పెదవులు గీకేశాడు, కనుబొమలు గీకేశాడు. రెండు చుక్కలు కళ్లు, ఒక గీత నోరు మిగిలాయి. ఇప్పుడు దానికి ఎవరి పోలికా లేదు, మనిషి పోలికే లేదు.

పండుగనాడు మధ్యాహ్నం పందిరి కింద ముందు కుర్చీలో పటేల్, ఆ చివర అతని తమ్ముడు కూర్చున్నారు. పొలం గట్టు తగాదాతో వాళ్లకు మాటల్లేక మూడేళ్లు. దావీదు ఒడిసెల విసిరాడు, గొల్యాతు తెర వెనక్కి కూలాడు. మైసయ్య పటేల్ వైపు చూడకుండా తలకాయ పైకెత్తాడు. పటేల్ తొడ చరిచి నవ్వాడు. ఆ చివర తమ్ముడూ నవ్వాడు. పందిరంతా ఈలలతో మోగింది. ఆ గోలలో పాస్టరయ్యగారు పౌలు పేరు చెప్పడం మరిచిపోయాడు. జనం మైసయ్యను భుజాలకెత్తుకున్నారు.

నాటకం తర్వాత కానుకల వేలంపాట. గుమ్మడికాయలు, కోళ్లు అయిపోగానే పటేల్ వేలు చూపించాడు.

"గా తలకాయ కూడ పాడుండ్రి."

పౌలు లేచి అరిచాడు. "అది కానుక కాదు పటేలా! గొల్యాతు తలకాయ!"

"ఏ గొల్యాతు పంతులూ?" పటేల్ అతని చెవి దగ్గరికి వంగాడు. "గాడు మా తమ్ముడు. ఆ సూపు సూడు, గట్టు దున్నేటోని సూపు."

అవి రెండు చుక్కలేనని చెబుదామని పౌలు తలకాయ వైపు చూశాడు. ఒక్క క్షణం అందులోంచి మైసయ్య కనిపించాడు. పౌలు సిగ్గుతో తల తిప్పుకున్నాడు. ఆ సిగ్గు కూడా అతనికి కోపంగానే తోచింది.

అన్నదమ్ములు పంతం పట్టి పాడారు. గుడి కప్పుకు పెంకులు వచ్చేంత దాకా పోయింది పాట. పటేల్ గెలిచి, తలకాయను చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. పాస్టరయ్యగారు కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పాడు.

పౌలు మండిపోతూ పందిరి వెనక్కి పోయాడు. పటేల్ తమ్ముడు అక్కడే కాచుకుని ఉన్నాడు.

"మా అన్నను మంచిగ దించిండ్రు. ఎవరు జేసిండ్రు పంతులూ, మైసయ్యనా?"

"మైసయ్య కాదు, నేను! అయినా మీ అన్న ఎట్లయితడు? దానికి ముక్కే లేదు!"

"గదే నీ పనితనం. ముక్కు లేకున్నా ఆనవాలు పట్టిన. నీ చేతుల ఇంత విద్దె ఉన్నదని ఊరికి తెల్వకపాయె. నాకొకటి చేసియ్యి, నువ్వే జేసినవని సూర్యాపేట దాకా చెప్త."

పౌలు నోరు తెరిచాడు. గొల్యాతు పేరు నాలుక చివరిదాకా వచ్చింది.

"మీసంతోనా, మీసం లేకుండనా?" అన్నాడు.