వేట పుస్తకాలకు అటాచ్డ్ బాత్రూం

ఆ గదికి తాళం ఉండాలా వద్దా అన్న గొడవ మా ఇంట్లో మూడో రోజుకు చేరింది. మా ఆయన గోపాల్ ఉండాలంటారు. మా అమ్మాయి ప్రసన్న వద్దంటుంది. నేను మాత్రం ఆయన పక్షమే. పాత వేట పుస్తకాలు సేకరించే మగవాడు ప్రతి ఇంటికీ ఒకడుండాలి. అది ఆ ఇంటి అదృష్టం!

నవ్వకండి. ఆయన దగ్గర ఇరవై ఎనిమిది ఉన్నాయి. అన్నీ ఇంగ్లీషువే, అన్నీ నూరేళ్లు దాటినవే. పులిని ఎక్కడ కాల్చాలి, డేగను ఎలా మచ్చిక చేసుకోవాలి, ఏ చేపకు ఏ గాలం వేయాలి... ఇంత విద్య బాన్సువాడలో ఇంకెవరింట్లో ఉంది?

ఆదివారం చికెన్ షాపులో కోడిని కోస్తుంటే ఈయన రోడ్డు వైపు తిరిగి నిలబడతారు. గోడ మీద బల్లి కనిపిస్తే నన్ను కేకేస్తారు. ఈ పుస్తకాలే లేకపోతే తుపాకీ పట్టుకుని అడవుల్లో తిరిగేవారేమో! ఎన్ని పులులు బతికిపోయాయి!

పుస్తకాలకు చెమ్మ పడదు. ఇంట్లో ఎండ బాగా తగిలే గది మా అత్తమ్మ పోసవ్వది. ఆమె పది రోజులు పిట్లంలో కూతురింట్లో ఉండి వచ్చేసరికి ఆ గదిలోకి అద్దాల బీరువా వెళ్లింది, ఆమె మంచం హాల్లోకి వచ్చింది. డెబ్బై నాలుగేళ్ల వయసులో రోజంతా టీవీ ఎదురుగా పడుకునే భాగ్యం ఎందరికి దక్కుతుంది?

ఆ గదికి బాత్రూం ఉంది. ఆమె మోకాళ్ల నొప్పులు చూసి కట్టించిందే. కాబట్టి రోజూ అందులోకి వెళ్లివస్తూ ఉండేది. అలా వెళ్లినప్పుడే బల్ల మీద కొత్తగా వచ్చిన పుస్తకం చూసింది.

అప్పట్లో కొన్ని పుస్తకాలకు పేజీల మడతలు కోయకుండానే అమ్మేవారట. కొన్నవాడు కత్తితో కోసుకుని చదువుకోవాలి. దీన్ని నూట పదేళ్లుగా ఎవరూ కోయలేదు. పాత సామాన్లమ్మే గౌస్ పాషా అమ్మేటప్పుడే చెప్పాడు: “దీన్ని ఎవ్వలు సదవలే అన్నా. గదే దీని కిమ్మత్.”

అత్తమ్మకు ఆ సంగతి తెలియదు. కూరగాయల కత్తితో, ఒక్క పేజీ చిరగకుండా, మొత్తం కోసిపెట్టింది.

మా ఆయన అది చూసి నేల మీద కూలబడ్డారు.

“ఏంది అవ్వా, గిట్ల చేసినవ్?”

“పేజీలు అంటుకొని ఉన్నయి గదరా. నువ్వెట్ల సదువుతవని కోసిన.”

“గది సదివేటందుకు కాదే.”

“మరి దేనికిరా?”

ఆయన లేచి బజారుకు వెళ్లారు. ఆ సాయంత్రమే గదికి తాళం పడింది.

మా గదిలో బాత్రూం వాడుకొమ్మంటే అత్తమ్మ వినదు. “కొడుకు, కోడలు పండుకునే అర్రలకు నేనెట్ల వస్త?” అంటుంది. అందుకని పెరట్లో పాతదానికి వెళ్తోంది. నాలుగు మెట్లు దిగి, నాచు పట్టిన గచ్చు దాటి, రోజుకు ఏడెనిమిది సార్లు. పుస్తకాలు మనిషిని నడిపిస్తాయంటే ఏమో అనుకున్నాను!

నిన్న పొద్దున జారింది. దండెం చేతికి దొరికింది కాబట్టి దవాఖానకు పోలేదు. మోచెయ్యి గీరుకుపోయింది.

“వానికి చెప్పకు బిడ్డా, ఫికర్ చేస్తడు” అంది.

ఆయన అప్పుడు లోపల, పుస్తకాలకు చెమ్మ తగలకుండా పేజీల మధ్య పెట్టడానికి పల్చటి కాగితాలు కత్తిరిస్తున్నారు.

ఇవాళ మధ్యాహ్నం నలుగురం అన్నానికి కూర్చున్నాం. అందరూ పెరుగులోకి వచ్చేదాకా ఆగి, మెల్లగా చెప్పాను.

“మీ గదికి తాళం అట్లనే ఉండనియ్యిండ్రి. ఇయ్యాల్టి సంది అత్తమ్మ నా పక్కన పండుకుంటది. ఇగ అది కొడుకు, కోడలు పండుకునే అర్ర కాదు. మీ దుప్పటి హాల్ల మంచం మీద ఏసిన. గా అర్రల బాత్రూం వాడితే పుస్తకాలకు చెమ్మ గద, పెరట్లకు పోయేటప్పుడు గచ్చు మీద జర పైలం.”