కొరతే లేని డిపో

గురజాల వైపు ఒక ఊళ్లోని రైతు డిపోకు ఈ ఏడాది "కొరత లేని డిపో"గా ప్రశంసాపత్రం దక్కిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఘనతంతా మేనేజరు జ్ఞానేశ్వర్‌దే.

డిపోకు ఏ సరుకు ఎంత పంపాలో లెక్కగట్టే కంప్యూటరు మనసు అతనికి తెలుసు. అమ్మిన సరుకే దాని కంటికి కనిపిస్తుంది. అడిగి ఉత్తచేతులతో పోయినవాడు దాని దృష్టిలో ఇంకా పుట్టలేదు. కిందటేడు మిరప కళ్లాల మీద వాన పడ్డప్పుడు డిపోలో టార్పాలిన్ పట్టాలు లేవు. లేవు కాబట్టి అమ్మలేదు. అమ్మలేదు కాబట్టి ఎవరికీ అక్కర్లేదని తేలింది. అందుకే ఈసారి ఊరంతటికీ ఒకే ఒక్క పట్టా పంపారు.

మొన్న మధ్యాహ్నం మబ్బు కమ్మింది. కౌలురైతు కొండమ్మ రొప్పుకుంటూ వచ్చి పడింది.

"అల్లుడా, ఆ మూలనున్నది పట్టా కాదా? ఇయ్యి తొరగా. రెండెకరాల కాయ కళ్లంలో ఉంది."

"పట్టానే అత్తా. కానీ అది స్టాకు. ఇస్తే సున్నా అవుద్ది. సున్నా అయితే తెర మీద ఎర్రగా కొరత అని వచ్చుద్ది."

"నా కాయకంటే ఎర్రగానా?"

"జిల్లాలో మనూరి పరువేం గావాలి?"

"పోనీ, నేనడిగానని రాసుకో. వచ్చే ఏడన్నా తెప్పిత్తారు."

"అడిగినోళ్లకి కంప్యూటర్లో గడి లేదత్తా. కొన్నోళ్లకే ఉంది."

"లేనిదాన్ని ఎట్టా కొనాలిరా, నీ మొహం మండ!"

ప్రశ్న బాగుందని జ్ఞానేశ్వర్‌కీ అనిపించింది. దానికీ గడి లేదు.

వాన దంచింది. కొండమ్మ దుప్పట్లు, ఎరువుల సంచులు, చివరికి పెళ్లినాటి చీర కూడా కాయ మీద పరిచింది. ఇక్కడ డిపో రేకులు కారాయి. జ్ఞానేశ్వర్ క్షణం కూడా తాత్సారం చేయకుండా పట్టా విప్పి కంప్యూటరు మీద కప్పాడు. దాని మీద చుక్క పడలేదు. పట్టా కూడా డిపో దాటలేదు, స్టాకు ఒకటి ఒకటిగానే ఉంది.

కొండమ్మ కాయంతా తెల్లబారి తాలైపోయింది. ఆ తర్వాత పట్టా అడగడానికి ఒక్కరూ రాలేదు. "ఫిర్యాదులు లేవు" అని నివేదిక వెళ్లింది.

సన్మాన సభలో జిల్లా నుంచి వచ్చిన పెద్దసారు మైకు అందుకున్నారు. "ఒక్క పట్టా సీజనంతా అమ్ముడుపోలేదంటే ఈ రైతులు ఎంత స్వయంసమృద్ధులో గ్రహించండి! వచ్చే ఏడు ఆ ఒక్కటీ పంపి ప్రజాధనం వృథా చేయబోమని హామీ ఇస్తున్నాను!"

కొండమ్మ లేచి నిలబడింది. "సారూ, నాకు పట్టా కావాలి. అడుగుతున్నా. రాసుకోండి!"

శాలువా కప్పుకున్న జ్ఞానేశ్వర్‌కి గుండె ఆగినంత పనైంది. ఆగనవసరం లేకపోయింది. వెనక వరుసవాళ్లే ఆమె చెంగు పట్టి లాగారు.

"కూసోవే! ఊరికి పేరొస్తుంటే మధ్యలో నీ గోలేంది?"

వాళ్ల కాయ కూడా ఆ వానకే తాలైంది. అమ్ముకోవడానికేమీ మిగల్లేదు, చేతులు ఖాళీగానే ఉన్నాయి. అందుకే చప్పట్లు అంత గట్టిగా మోగాయి.