పన్నెండు సరుగుడు వాసాలు

ప్రజాస్వామ్యం నాలుగు కాళ్ల మీద నిలుస్తుందనీ, ఆ నాలుగూ తన దగ్గరే భద్రంగా ఉన్నాయనీ శాసనసభ్యులు పద్మనాభయ్య గారి నమ్మకం. వాటి పేర్లు విద్య, వలస, ప్రాంతం, అడవులు. ఒక్కోదాని మీద ఆయనకొక అభిప్రాయం, ఒక్కో అభిప్రాయానికొక ఫైలు, అన్నిటికీ కలిపి గంగాధరమనే గుమాస్తా. (ఒక ఫైలు చెప్పింది ఇంకో ఫైలు వినరాదు.)

సముద్రపొడ్డున చవిటిపాళెం బడి పంతులమ్మ ఎలిశబెతుకు అభిప్రాయాలేమీ లేవు. ఆమెకు కావలసింది పన్నెండు సరుగుడు వాసాలు. పోయిన తుఫానుకు బడికప్పు లేచిపోయింది. తాటాకు ఊరివాళ్లే కప్పుతామన్నారు; వాసాలు మాత్రం సర్కారు తోట నుంచి రావాలి, అందుకు శాసనసభ్యుల సిఫారసు కావాలి. వానల్లోగా కప్పు పడకపోతే బడి ఎత్తేస్తామని ఇన్‌స్పెక్టరు రాసిపోయాడు. బడిలో పిల్లలు ముప్పై ఇద్దరు.

అర్జీ పట్టుకుని నెల్లూరు వెళ్లింది.

"విద్య మీద అయ్యగారు శానా గట్టిగా ఉండారు టీచరమ్మా. ప్రతి పిల్లోడి నెత్తిన కప్పుండాల్సిందే" అన్నాడు గంగాధరం.

"అయితే సంతకం పెట్టించన్నా."

"వాసాలు అడవుల ఫైలు గదా. ఒక్క సరుగుడు చెట్టు కొట్టినా సముద్రం నెల్లూరికొస్తుందని అయ్యగారి అభిప్రాయం. సరే, పిల్లల్లో బర్మా నుంచి వచ్చినోళ్లు ఎంతమంది?"

"తొమ్మిది మంది."

గంగాధరం వలస ఫైలు విప్పాడు. కాందిశీకులను గుండెలకు హత్తుకోవాలట. అయితే వాళ్ల స్థిరనివాసం ఎక్కడో తేలేదాకా నెత్తిన స్థిరమైన కప్పు వేయరాదట.

"పోనీ, మిగతా ఇరవై ముగ్గురి మీద వరకే ఏసుకుంటాం."

"తీరమంతా వెనకబడి ఉంటే మీ ఒక్క ఊరు ముందుకు పోతుందా? అది ప్రాంతం ఫైలు ఒప్పుకోదు."

"ఇంక ప్రార్థన చేసుకోవాల్సిందేనా అన్నా?"

"దాని మీద అయ్యగారికి ఇంకా అభిప్రాయం రాలేదు."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఏమిటో క్రైస్తవురాలైన ఎలిశబెతుకు ఆనాడు బాగా బోధపడింది.

నెల తిరక్కుండా పద్మనాభయ్య గారే చవిటిపాళెం వచ్చారు, చెట్లు ఎందుకు కొట్టరాదో తీరవాసులకు వివరించడానికి. పందిరికోసం ముందురోజే నలభై సరుగుడు చెట్లు కొట్టారు. (సభలు అడవుల ఫైలు కిందికి రావు.) ఆనవాయితీ ప్రకారం బడికి సెలవిచ్చారు. ఆయన రెండు గంటలు మాట్లాడారు. ఎలిశబెతు ఒక్క ముక్క వినలేదు, పందిరి వాసాలు లెక్కపెడుతూ కూర్చుంది.

"అయ్యా, ఇందులో పన్నెండు వదిలిపెట్టి పోండయ్యా" అని సభ కాగానే అడిగింది.

"రేపు నాయుడుపేటలో ఇదే సభ ఉందమ్మా" అన్నారాయన. ఆయన మాట పూర్తయ్యేలోపే వాసాలు బండెక్కాయి.

ఎలిశబెతుకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే ఇంకో అర్జీ రాసింది: "అయ్యగారి అభిప్రాయాలు మా ఊరికి ఒక్క రోజులో అర్థం కాలేదు. కావున వానాకాలం ముగిసేవరకు, ఆదివారం తప్ప, ప్రతిదినం పది గంటల నుంచి నాలుగు గంటల వరకు మా బడి ఆవరణలోనే సభ జరిపించ ప్రార్థన."

గంగాధరం సర్వీసులో ఒక్క పూటలో మంజూరైన అర్జీ అదొక్కటే. మూడు నెలలకు పందిరి, నలభై వాసాలు, కింద అయ్యగారి సంతకం. ఎలిశబెతు కాగితం కళ్లకద్దుకుని, పిల్లల్ని పిలిచి, పైకి చదివి వినిపించింది. సంతకం కింద ఇంకో వాక్యం ఉంది.

"సభ జరుగు దినములలో బడికి సెలవు."