ఫొటోలు తిరిగిచ్చిన శుక్రవారం

శుక్రవారం సెలవు. ఇడ్లీ తిని, కంప్యూటర్ సర్ది, మధ్యాహ్నం ఒళ్ళు తెలియకుండా పడుకోవాలని వరప్రసాద్ పథకం. అతని మనసంతా మూడో పని మీదే ఉంది. కాని పాత సిస్టమ్‌కు ఇక అప్‌డేట్లు రావు, కొత్తది ఎక్కించాలంటే డిస్కులో చోటు లేదు. ఆ దిగులుతోనే వారమంతా ముఖం వేలాడేసుకుని తిరిగాడు.

కువైట్‌లోని ఎగైలాలో ఆ బిల్డింగ్‌కు వచ్చిన నాటి నుంచి తెలుగువాళ్ళ ఇళ్ళలో ఏ వేడుకైనా కెమెరా అతనిదే. డిస్కు తెరిస్తే 'కొత్త ఫోల్డర్', 'ఫైనల్', 'అసలు ఫైనల్', 'ముట్టుకోవద్దు'. అన్నింట్లోనూ ఇరుగుపొరుగువాళ్ళ నవ్వులే. చెరపడానికి చెయ్యి రాలేదు. ఎవరివి వాళ్ళకు వాట్సాప్‌లో పంపేసి, తర్వాత తీసేద్దామనుకున్నాడు. ఎందుకు పంపుతున్నాడో ఒక ముక్క రాసే ఓపిక లేక ఉత్త ఫొటోలే పంపాడు. కొంప అక్కడే మునిగింది. కువైట్‌లో మనిషి అడగకుండా ఏదైనా తిరిగిచ్చాడంటే, మూటాముల్లె సర్దుకుంటున్నాడనే లెక్క.

ముందుగా పై అంతస్తు సత్యదుర్గ దిగివచ్చింది.

"మా పాప ఓణీల ఫొటోలు చూశానండీ అన్నయ్యగారూ. ఎంత మాట దాచారండీ!" అని ముక్కు చీది, తిన్నగా వంటింట్లోకి నడిచి ఫ్రిజ్ తలుపు తీసింది. "వదినగారూ, వెళ్ళేటప్పుడు ఇది మాకే ఇచ్చేయాలండీ. బంగారంలా ఉంచుకున్నారు."

"ఎక్కడికి వెళ్ళేటప్పుడు?" అంది కుముదిని, చేతిలో గరిటెతో.

"ఇంకా దాపరికం ఎందుకండీ!"

కుముదిని మొగుడి ముఖం చూసింది. వారం రోజుల ఆ వేలాడే ముఖానికి అర్థం ఇప్పుడు దొరికిందనుకుంది.

ఇంతలో స్నేహితుడు భరద్వాజ్ ఫోను. "ఖలాసేనా ప్రసాదూ? బాధపడకు. కారు మాత్రం ఎవరికీ మాటివ్వకు."

అతను ఆ కబురు బిల్డింగ్ కాపలా చూసే హారిస్ అసిఫ్ చెవిన కూడా వేసినట్టున్నాడు. పావుగంటలో అసిఫ్ ఓ కొత్త జంటను వెంటబెట్టుకొచ్చి, పడగ్గది కొలతలు చూపించసాగాడు.

కుముదిని గరిటె విసిరేసింది. "ఉద్యోగం పోతే ఇఖామా పోతుంది, ఇక్కడ ఉండనివ్వరు. మన వర్ష పదో తరగతి మధ్యలో ఆగిపోతుంది. ఆ పిల్ల రాత్రింబగళ్ళు చదువుతోందండీ! పై ఇంటావిడకు తెలిసేదాకా నాకు చెప్పరా?"

"నా ఉద్యోగానికేం కాలేదు! కంప్యూటర్ సర్దుకుంటున్నానంతే!"

"కంప్యూటర్ సర్దుకునేవాడు ఊరందరికీ ఫొటోలెందుకు పంచుతాడండీ?" అని కొత్త జంటలో భర్త న్యాయం అడిగాడు.

వరప్రసాద్‌కు ఓపిక చచ్చిపోయింది. జంటను, అసిఫ్‌ను గుమ్మం దాటించాడు. భరద్వాజ్‌కు ఫోన్ చేసి కసిరాడు. చివరికి సత్యదుర్గ వైపు తిరిగి, "ఆ ఫ్రిజ్ మీద చెయ్యేస్తే బాగుండదు. ఎన్నేళ్ళైనా ఇక్కడే ఉంటాం!" అన్నాడు.

"ఇవ్వనంటే పోయె, అరవడం దేనికండీ?" అని ఆవిడ విసవిసా మెట్లెక్కింది.

ఇల్లు సద్దుమణిగింది. కుముదిని సగం నమ్మి, సగం నమ్మక టీ పెట్టింది. మొదటి గుక్క దిగేలోపే ఫోన్ మోగింది. మేనేజర్ అబ్దుల్ బాసిత్, హైదరాబాద్ మనిషి. ఆయనకూ పాత పిక్నిక్ ఫొటోలు వెళ్ళాయి మరి.

"ఫొటోలు చూసి కళ్ళల్ల నీళ్ళొచ్చినయ్ భాయ్. ఎంత పెద్ద మనసు నీది! ఆదివారం నేనే పిలిచి చెప్దామనుకున్న. నీకు ముందే ఎవరు చెప్పిన్రు?"

"ఏం చెప్పడం సార్?"

"మన బ్రాంచి మూసేస్తున్నరు కదా. నీకు తెల్వదా? ఫికర్ చెయ్యకు, మార్చి ఆఖరు దాకా ఇఖామా కదిలియ్యనని మాటిస్తున్న. బిడ్డ పరీక్షలు అయిపోతయ్."

వరప్రసాద్ ఫోన్ బల్ల మీద పెట్టాడు. చెప్పనక్కర్లేకపోయింది, స్పీకర్‌లో కుముదిని అంతా విన్నది. ఈసారి కేకలెయ్యలేదు. వచ్చి పక్కన కూర్చుని, అతని చెయ్యి పట్టుకుంది.

"పరీక్షలు అయిపోతాయి కదండీ. అది చాలు," అంది. టీ చల్లారిపోయాక, "పైకి వెళ్ళి ఆవిడకు ఓ మాట చెప్పండి," అని కూడా అంది.

వరప్రసాద్ కాళ్ళీడ్చుకుంటూ మెట్లెక్కి బెల్లు కొట్టాడు.

"సత్యదుర్గ గారూ, ఆ ఫ్రిజ్... ఇంకా కావాలా?"

ఆవిడ తాపీగా ఆలోచించి, పొద్దున తలుపు తీసినప్పుడే చూశానని, లోపల ఒక అర విరిగి ఉందని చెప్పింది.