పగిలితేనే పురాతనం

పగిలిన పింగాణీ తప్ప ఈ లోకంలో నమ్మదగినది ఏదీ లేదని చైనాలోని మా జింగ్‌దెజెన్ పట్టణం సమస్త మానవాళి తరఫున తీర్మానించింది. ఊరంతా బట్టీలే. పొద్దున వేడివేడిగా దిగిన నీలిపూల గిన్నె మధ్యాహ్నం టీ డికాక్షన్‌లో మునిగి, సాయంత్రానికి అయిదొందల ఏళ్లనాటి మింగ్ చక్రవర్తిది అయిపోతుంది. అందుకే నిఖార్సయిన సేకర్తలు చెక్కుచెదరని గిన్నెను చూసి నవ్వుతారు, పెంకును చూసి టోపీ తీస్తారు. (ఈ సంగతి పొక్కగానే బట్టీలవాళ్లు పెంకులు తయారుచేయడం మొదలుపెట్టారు. పగలగొట్టడంలో చెయ్యి తిరిగినవాడికి ఇప్పుడు పెళ్లిసంబంధాలు వెతుక్కుంటూ వస్తున్నాయి.)

ఈ అరాచకాన్ని అరికట్టడానికి వెలసిందే ప్రాచీన నీలి పింగాణీ నిర్ధారణ మండలి. దాని నిబంధన సులువైనది. గిన్నెను చెక్కుచెదరకుండా తెచ్చి, అధికారి కళ్లెదుట యజమానే పగలగొట్టాలి. సుత్తి మండలిదే, సొంత సుత్తులు అనుమతించరు. పగలగొట్టేటప్పుడు యజమాని ఏడవాలి. అసలుదైతే ఏడుపు దానంతటదే వస్తుందని శాస్త్రం. (మట్టిని పరీక్షించే యంత్రం కూడా ఉంది. అది అసలుదో కాదో ఇంకా తేలలేదు.)

మా పక్కింటి ఫెంగ్ గారికి వాళ్ల నాయనమ్మ ఇచ్చిన నీలి తామరల గిన్నె ఒకటుంది. ధ్రువపత్రం మాత్రం లేదు. ధ్రువపత్రం లేనివాడికి టీ కొట్టులో సేకర్తల బల్ల దగ్గర కుర్చీ ఉండదు. పాపం, పెద్దాయన నిలబడే టీ తాగేవాడు.

"ఉన్న గిన్నె పగలగొట్టుకుని, అది మంచి గిన్నేనని ఎవడితోనో రాయించుకుంటారా?" అంది ఆయన భార్య యూజెన్. "రోజూ అందులోనే సేమ్యా లాగిస్తున్నారుగా, చాలదూ?"

"నీకేం తెలుసే! నిన్న ఆ చేపలకొట్టు వాడు కూడా కూర్చున్నాడు. నేను నిలబడ్డా!"

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లింది. గిన్నెను గుడ్డలో చుట్టి తనే సంచిలో పెట్టింది. సాయానికి నన్నూ రమ్మంది.

మండలిలో అధికారి క్వాంగ్ సుత్తి అందించాడు. ఫెంగ్ కళ్లు మూసుకుని ఒక్క దెబ్బ వేశాడు. "నాయనమ్మా!" అని బావురుమన్నాడు.

"మొదటిశ్రేణి ఏడుపు. వెక్కిళ్లు కూడా ఉన్నాయి," అని క్వాంగ్ మెచ్చుకున్నాడు. తర్వాత గుమ్మడిగింజలు కొరుకుతున్న యూజెన్ వైపు అనుమానంగా చూశాడు. "అక్కయ్యా, మీరు ఏడవరేం?"

"ఇద్దరం ఏడిస్తే ఇంటికి దారి చూసేదెవరు తమ్ముడూ?"

సమాధానం సహేతుకమని నమోదయింది. యంత్రం జోలికి పోకుండానే ఎర్ర ముద్ర పడింది: మింగ్ కాలం నాటిది, అసలుది, అమూల్యం (పగలక ముందు).

ఇంటికొచ్చాక ఫెంగ్ పెంకుల్ని అద్దాల బీరువాలో పేర్చి, పైన గోడకి ధ్రువపత్రం తగిలించాడు. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. యూజెన్ వంటింట్లో క్యాబేజీల కిందినుంచి నీలి తామరల గిన్నె తీసి, సేమ్యా, కారం వేసి ఆయన ముందు పెట్టింది.

"ఇక ఊరుకోండి. మీ నాయనమ్మ గిన్నె ఇదిగో. మీరు పగలగొట్టింది నేను వీధి చివర బట్టీలో కొన్నది. మీ కుర్చీ మీకొచ్చింది, మన గిన్నె మనకుంది."

ఆవిడ తెలివికి నేను చప్పట్లు కొట్టబోయాను. ఫెంగ్ మాత్రం గిన్నె వంక చూశాడు, గోడమీది ఎర్ర ముద్ర వంక చూశాడు. అంచు వెంట వేలు పోనిచ్చి ఒకచోట ఆగాడు. ఆయన ముఖంలో గొప్ప మెచ్చుకోలు కనబడింది.

"ఎవడు చేశాడోగానీ మహా పనివాడే," అన్నాడు. "చిన్నప్పుడు నా పంటి దెబ్బకి ఊడిన పెచ్చు కూడా అచ్చంగా దించేశాడు!"